పిల్లల పక్కన కూర్చున్న మా అక్క

అక్క పోయిందన్న కబురు నాకు పరీక్షా కేంద్రం గేటు బయట తెలిసింది. పదో తరగతి ఇంగ్లిషు పరీక్ష జరుగుతోంది. ఎస్.ఆర్. నగర్‌లో ఆ బడికి ఎదురుగా, పరీక్షల కోసం మూయించిన జిరాక్స్ షాపు మెట్ల మీద నేనూ, మౌనిక వాళ్ళ అమ్మా కూర్చున్నాం. మౌనిక లోపల రాస్తోంది. రాస్తోందంటే, తను జవాబులు చెబుతుంటే పక్కన కూర్చుని మా బడి తొమ్మిదో తరగతి పిల్ల రాస్తోంది. తెలివి ఉండీ అక్షరం పట్టుబడని పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే వెసులుబాటు అది. మౌనికకు ఆ వెసులుబాటు వచ్చేదాకా తిరిగిన అక్క పంజాగుట్ట ఆసుపత్రిలో ఉంది కాబట్టి, ఆవిడ రావలసిన చోటికి నేను వచ్చాను.

ఫోన్ మోగింది. మా పీఈటీ సారు.

"మేడం, అక్క పోయింది. ఇప్పుడే. ఇంటికి తీస్కొస్తున్నరు."

"సరే సార్" అన్నాను. మౌనిక వాళ్ళమ్మ నా మొహం చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గేటు వైపు తిరిగి కూర్చుంది. పరీక్ష అయిపోవడానికి ఇంకా చాలాసేపు ఉంది. ఆ పిల్లకు అదనపు సమయం కూడా ఇచ్చారు. ఆ సమయం ఇప్పించింది కూడా అక్కే.

కాసేపటికి మౌనిక వాళ్ళమ్మ అంది, "పిల్లకు ఇప్పుడే చెప్పకుర్రి మేడం. ఎల్లుండి మళ్ళ పరీక్ష ఉన్నది."

అక్క కూడా అదే మాట చెప్పింది, ఆసుపత్రిలో. చెప్పకూడదని ఇద్దరు పెద్దవాళ్ళు నిర్ణయించారు కాబట్టి నేను చెప్పనక్కర్లేదని నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

అక్క నాకు చుట్టం కాదు. బడిలో అందరికీ అక్క, పిల్లలకు టీచర్. ఉద్యోగం పేరు స్పెషల్ టీచరు. మా బడి అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఉంటుంది. ఫీజు తక్కువ, గోడలు పాతవి. కృష్ణానగర్ జూనియర్ ఆర్టిస్టుల పిల్లలు, యూసుఫ్‌గూడ కిరాణా కొట్ల వాళ్ళ పిల్లలు, హాస్టళ్ళలో వంట చేసేవాళ్ళ పిల్లలు వస్తారు. వాళ్ళలో ఏడో తరగతికి వచ్చినా రెండు వరుసలు చదవలేనివాళ్ళు, చెవులు సరిగా వినపడనివాళ్ళు, ఒకచోట కుదురుగా కూర్చోలేనివాళ్ళు అక్క దగ్గరికి చేరేవారు. మెట్ల పక్కన రెండు కిటికీల గది ఆవిడది.

నేను తెనాలి వైపు నుంచి పెళ్ళి చేసుకుని వచ్చి ఇక్కడ తెలుగు టీచరుగా చేరిన కొత్తలో, ఒకరోజు ఆ గదిలోకి తొంగి చూశాను. పిల్లల ముందు స్టీలు పళ్ళేలు, వాటి నిండా ఉప్మా రవ్వ. వంట క్లాసేమో అనుకున్నాను. ఆవిడ నన్ను చూసి చెయ్యి ఊపింది.

"రా చెల్లె. చెప్పులిడిసి రా. నువ్వు సుత రాయి."

"ఏంటండీ ఇది?"

"వ రాయి. ఆ పక్కన ప రాయి. మ రాయి." నేను రవ్వలో వేలితో రాశాను. "చూసినవా, ముగ్గురు అక్కచెల్లెండ్ల లెక్క ఒక్క తీరుగ ఉన్నరు. మనకు అలవాటై గుర్తుపడ్తున్నం. గీ పిల్లలకు రోజూ కొత్తగ కనవడ్తరు. గంతే. తెలివి లేక కాదు."

ఎంఏ తెలుగు చదివిన నాకు అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు.

ఆవిడ ఎప్పుడూ పిల్లల ఎదురుగా కూర్చునేది కాదు. పక్కన కూర్చునేది, కింద, చాప మీద. మోకాళ్ళ నొప్పులున్నా సరే. ఎందుకక్కా అంటే, "ఎదురుంగ కూసుంటే పోలీసోళ్ళ లెక్క ఉంటది" అనేది. పెన్ను ఇచ్చేది కాదు. "పెన్ను భయపెడ్తది, పెన్సిల్ మాఫ్ చేస్తది." ఆ పెన్సిళ్ళన్నీ తనే బ్లేడుతో చెక్కేది. చెక్కిన తుక్కు చీర కుచ్చిళ్ళలో చిక్కుకుని, స్టాఫ్ రూములో లేచినప్పుడు రాలేది. హ్యాండ్‌బ్యాగులో పల్లీపట్టీలు, పిన్నీసులు ఉండేవి. గుండీ ఊడిన పిల్లవాడు కనిపిస్తే మాట్లాడుతూనే పిన్నీసు పెట్టేసేది.

శనివారం మధ్యాహ్నాలు పిల్లల్ని తీసుకుని అమీర్‌పేట సందుల్లోకి వెళ్ళేది. నేనూ కొన్నిసార్లు వెళ్ళాను. ఆ సందుల్లో బోర్డు లేని గోడ ఉండదు. కోర్సుల ఫ్లెక్సీలు, హాస్టళ్ళ బోర్డులు, టిఫిన్ల రేట్లు, అద్దెకు గదులు. "ఇంత పెద్ద పుస్తకం ఏ బడిల ఉన్నది చెల్లె, పేజీ తిప్పే పని సుత లేదు" అనేది. ఒక పిల్ల "పురుషుల హాస్టల్" అన్న బోర్డు దగ్గర "పురు..." అని ఆగిపోయింది. అక్క అందించలేదు. బ్యాగులేసుకున్న కుర్రాళ్ళు మమ్మల్ని తోసుకుంటూ పోతున్నారు, వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. నాకు నోటిదాకా వచ్చింది. ఆవిడ నా మోచెయ్యి నొక్కి పట్టుకుంది. చివరికి పిల్ల "షుల" అంది. అప్పుడు ఆటోకు దారిచ్చాం.

"ఆగుడే మన పని" అంది నాతో. "చెప్పుడు ఎవలైనా చెప్తరు."

ఆ పని నాకు ఎప్పటికీ రాలేదు.

మూడేళ్ళ క్రితం అనుకుంటాను, బడిలో పిల్లలు తగ్గిపోవడం మొదలైంది. అందరూ ఐఐటీ ఫౌండేషన్ ఉన్న బడులకు వెళ్ళిపోతున్నారు. మా కరస్పాండెంట్ గారు ఒక కోచింగ్ సంస్థతో మాట్లాడి ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సు పెట్టించారు. దానికి ఏసీ, ప్రొజెక్టరు పెట్టే గది కావాలి. గాలీ వెలుతురూ ఉన్న గది ఒక్కటే ఉంది.

స్టాఫ్ మీటింగులో ఆ సంగతి చెప్పారు. అందరం బల్ల వైపు చూస్తూ కూర్చున్నాం. అక్క లేచింది.

"మా పిల్లలు యాడ కూసోవాలె సార్?"

ఆయన చెడ్డమనిషి కాదు. చాలా ఇబ్బందిగా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మా, నేనేం చెయ్యను చెప్పండి. అడ్మిషన్‌కి వచ్చిన ప్రతి తల్లీ తండ్రీ ముందు అడిగేది ఫౌండేషన్ ఉందా అనే. మీ గది ఉందా అని అడిగినవాళ్ళు ఇప్పటికి ఒక్కరు లేరు. పిల్లలు రాకపోతే రేపు బడే ఉండదు, మీరూ ఉండరు, నేనూ ఉండను."

"అడగవశపడని వాళ్ళ పిల్లలే సార్, నా తాన ఉన్నోళ్ళు" అంది అక్క. ఆయన చెప్పింది నిజం, ఆవిడ చెప్పిందీ నిజం. చాపలూ పళ్ళేలూ మెట్ల మలుపులోకి వచ్చాయి. అక్కడ పై తరగతుల పిల్లలు ఎక్కుతూ దిగుతూ తొక్కేస్తుంటే, వెనక వరండాలోకి మారాయి. వానాకాలం జల్లు కొడితే రవ్వ ముద్దయ్యేది.

మౌనిక ఆవిడ దగ్గరికి వచ్చింది అప్పుడే. ఏదైనా పాఠం ఒకసారి వింటే చాలు, మళ్ళీ అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేది. పుస్తకం చేతికిస్తే మాత్రం చెమటలు పట్టేవి. వాళ్ళమ్మ సినిమాల్లో గుంపులో నిలబడే వేషాలు వేస్తుంది. "షూటింగ్‌ల పొంటి తిరిగి పిల్లను పట్టించుకోలేదు మేడం, నా తప్పే" అని ఆవిడ ఏడిస్తే అక్క కసిరింది. "నీ తప్పు కాదు, దాని తప్పు కాదు. కండ్లకు అద్దాలు పెట్టుకున్నోళ్ళను తిడ్తమా? దీనికి రాసేటోళ్ళు ఒకలు కావాలె, గంతే."

కానీ రాసేవాళ్ళను ఇవ్వాలంటే, పిల్లకు ఆ ఇబ్బంది ఉన్నదని సర్కారు దవాఖానా బోర్డు ధ్రువీకరించాలి. అక్కడ ఒకసారి పరీక్ష చేసే డాక్టరు సెలవు. ఇంకోసారి కంప్యూటర్ పనిచెయ్యలేదు. మరోసారి, బడి నుంచి తెచ్చిన కాగితం మీద స్టాంపు సరిగ్గా పడలేదన్నారు. తొమ్మిదో తరగతి అలాగే గడిచిపోయింది. వెళ్ళిన ప్రతిసారీ వాళ్ళమ్మకు ఒకరోజు వేషం పోయేది, అందుకని చాలాసార్లు అక్కే పిల్లను వెంటబెట్టుకుని పోయేది. వరుసలో నిలబడి నిలబడి పొట్ట పట్టుకుని గోడకు ఆనుకునేదని మౌనిక తర్వాత చెప్పింది.

అక్క నాకూ చెప్పింది పొట్టనొప్పి అని. "గ్యాస్ చెల్లె. జీలకర్ర నీళ్ళు తాగుతున్న." చూపించుకోండక్కా అంటే, "పిల్ల పని కానియ్యి, పోత" అనేది. మనిషి సగమైంది. కొన్నాళ్ళకు కళ్ళు పచ్చబడ్డాయి. అప్పుడు వాళ్ళాయన, ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి, బలవంతాన పంజాగుట్ట ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. క్యాన్సర్ కాలేయం దాకా పాకిందన్నారు. మౌనిక కాగితం చేతికొచ్చింది కూడా ఆ రోజుల్లోనే.

ముందే వచ్చి ఉంటే బతికేదా అని నేనొకసారి అక్కడి డాక్టరును వరండాలో ఆపి అడిగాను. కుర్రాడు. "చెప్పలేమండీ" అన్నాడు. అవునంటే ఒక రకంగా ఏడ్చేదాన్ని, కాదంటే ఒక రకంగా ఏడ్చేదాన్ని. చెప్పలేమంటే ఏం చెయ్యాలో తెలియలేదు.

పరీక్షలకు ముందు ఆదివారం వెళ్ళాను. కిటికీలోంచి మెట్రో రైలు పోవడం కనిపించే గది. అక్క చేతులు పుల్లల్లా ఉన్నాయి. ఎలా ఉందక్కా అనకముందే, "రాసే పిల్ల కుదిరిందా?" అంది.

"కుదిరింది అక్కా. మంచి దస్తూరి."

"దస్తూరి సంగతి కాదు. దానికి ఓపిక ఉండాలె. మౌనిక ఒక్కోసారి ఆగుతది. ఆగినప్పుడు అందియ్యొద్దని చెప్పు, చూస్తే పేపరే కొట్టేస్తరు."

"చెప్తాను."

కాసేపు కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. "వరండా పిల్లల తాన ఎవలు కూసుంటున్నరు?" అంది.

నేనే కూర్చుంటున్నానని చెప్పాను. అది నిజం. చాప మీద కూర్చునేదాన్ని, పళ్ళెంలో రవ్వ పోసేదాన్ని. పిల్లవాడు ఒక అక్షరం దగ్గర ఆగితే నాకు చెమట పట్టేది, అవతల క్లాసుకు బెల్లు కొట్టేసేవారు, నోరు జారి చెప్పేసేదాన్ని. పిల్లలు నా మొహం చదవడం నేర్చుకున్నారు గాని అక్షరం నేర్చుకోలేదు. ఆ సంగతి ఆవిడకు చెప్పాను.

నవ్వింది. "వస్తది" అంది. ఆ తర్వాత, "గది మాట ఏమన్నా అన్నడా సారు?"

నేను మంచం పక్కన సెలైన్ గొట్టం వైపు చూశాను.

"పోనీ తియ్యి" అంది. నా చెయ్యి మీద చెయ్యి వేసింది. "నాకేమన్నా అయితే, పరీక్షలు అయ్యేదాంక పిల్లకు చెప్పకు. జర యాది పెట్టుకో."

ఓదార్చడానికి వెళ్ళిన నేను ఓదార్పు తీసుకుని వచ్చాను. దిగి రోడ్డు మీదికొస్తే ట్రాఫిక్, చీర దుకాణాల దీపాలు, ఎవరి పనిలో వాళ్ళు. ఎవరినైనా ఆపి, పైన ఒక మనిషి పోతోంది, ఏదైనా చెయ్యండి అని అడగాలనిపించింది. బస్సెక్కి ఇంటికి వెళ్ళాను.

ఇంగ్లిషు పరీక్ష రోజు సంగతి చెబుతున్నాను. గేటు తీశారు. ముందు మిగతా పిల్లలు వచ్చారు. చాలాసేపటికి మౌనిక, రాసిన పిల్లా వచ్చారు. మౌనిక మొహం వెలిగిపోతోంది.

"మేడం, మస్తు మంచిగ చెప్పిన. ఒక్కటి సుత ఇడవలే. ఇది చేతులు నొస్తున్నయంటుంది."

"సరేనమ్మా. పద, ఏమైనా తిందాం."

"టీచర్‌కు ఫోన్ చేస్త. మీ ఫోన్ ఇయ్యుర్రి."

"ఇప్పుడొద్దు. నిద్రపోతూ ఉంటారు" అన్నాను.

"లేదు మేడం, గీ టైముకు లేచే ఉంటది. నిన్న మాట్లాడింది. పరీక్ష కాంగనే చెయ్యిమన్నది."

నేను వాళ్ళమ్మ వైపు చూశాను, ఏదైనా చెబుతుందని. ఆవిడ జిరాక్స్ షాపు షట్టర్ వైపు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. మౌనిక తన తల్లి చేతిలోని ఫోన్ తీసుకుంది. ఆ నంబరు పిల్లకు నోటికి వచ్చు. మేమిద్దరం పక్కనే ఉండి, ఆ వేళ్ళు నొక్కుతుంటే చూస్తూ ఉండిపోయాం.

అక్క వాళ్ళాయన ఎత్తాడు. ఫోన్లో ఆయన గొంతు నాకూ వినపడింది. "బిడ్డా, టీచర్ లేదమ్మా ఇగ."

"ఎప్పుడు అంకుల్?"

"నువ్వు పరీక్ష రాసేటప్పుడు."

"ఆఁ అంకుల్" అంది పిల్ల. ఫోన్ తల్లికి ఇచ్చేసింది. నన్ను అడిగింది, "మీకు ఎరుకేనా మేడం?"

"ఎరుకే."

తలూపింది. రాసిన పిల్ల బిత్తరపోయి నిలబడి ఉంటే, దాని చేతిలో ఉన్న అట్ట తీసుకుని తన చంకలో పెట్టుకుంది, దానికి చేతులు నొస్తున్నాయని. వాళ్ళమ్మ నా దగ్గరికి వచ్చి మెల్లగా అంది, "సినిమాలల్ల శవం చుట్టూ కూసోని ఏడ్చే గుంపుల ఎన్నిసార్లు ఉన్ననో మేడం. ఏడ్వుమంటే ఏడుస్త. ఏడ్వకుండ నిలబడుడు నాకు ఎవలూ నేర్పలే."

యూసుఫ్‌గూడలో అక్క వాళ్ళుండే సందు ఇరుకు. టెంటు వేస్తే సగం మూసుకుపోయింది. బళ్ళవాళ్ళు టెంటు పక్కనుంచి ఇంజన్ ఆపి నడిపించుకుపోతున్నారు. గాజుపెట్టెలో అక్క పసుపు రాసిన మొహంతో చాలా చిన్నగా ఉంది. కరస్పాండెంట్ గారు దండ తెచ్చి పెట్టి, చేతులు కట్టుకుని మూలగా నిలబడ్డారు. నన్ను చూసి, "గది సంగతి చూద్దామమ్మా" అన్నారు. ఆ క్షణంలో ఆయన నిజంగానే అనుకున్నారని నాకు తెలుసు.

పాత పిల్లలు చాలామంది వచ్చారు, పెద్దవాళ్ళై. వాళ్ళలో ఒకతను పుట్టు చెవిటి. అమీర్‌పేటలో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. దుకాణం బట్టల్లోనే వచ్చాడు. పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అక్క మొహం వైపు చూస్తూ చేతులతో మాట్లాడడం మొదలుపెట్టాడు. గొడవ పడుతున్నట్టు, అడుగుతున్నట్టు, ఏదో చెప్పి మళ్ళీ అదే చెబుతున్నట్టు. వేళ్ళు గుండెకు, నుదుటికి, నేలకు తాకుతున్నాయి. ఏడుస్తున్న ఆడవాళ్ళు కూడా ఆగిపోయి చూశారు.

అక్క వాళ్ళాయన నా వైపు తిరిగాడు. "ఏమంటున్నడమ్మా?"

నేను పీఈటీ సారు వైపు చూశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. అక్కడున్న మాలో ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళు ఆవిడ ఉంది కదా అని మేమెవరం నేర్చుకోలేదు. ఆ చేతుల భాష తెలిసిన మనిషి గాజుపెట్టెలో ఉంది.

అతను చెప్పడం అయిపోయాక లేచి అందరి వైపూ చూశాడు, మాకు అర్థమైందనుకుని. మేం తలలూపాం.

మౌనిక మిగతా పరీక్షలు రాసింది. అన్నింటికీ నేనే వెళ్ళాను. నాతో అవసరమైనంత వరకే మాట్లాడింది. ఫలితాల్లో పాసైంది, గొప్ప మార్కులేం కాదు. కృష్ణానగర్‌లో ఒక డబ్బింగ్ స్టూడియోలో చిన్న చిన్న పాత్రలకు గొంతు ఇస్తోందట. డైలాగు ఒకసారి చదివి వినిపిస్తే చాలట, మళ్ళీ అడగదట. ఇంటర్ ఓపెన్‌లో కడతానందని వాళ్ళమ్మ చెప్పింది. అక్కడ మళ్ళీ రాసేవాళ్ళు కావాలి, మళ్ళీ కాగితాలు కావాలి. ఎవరు తిరుగుతారో ఆవిడా అనలేదు, నేనూ అడగలేదు.

అక్క స్థానంలో ఎవరినీ తీసుకోలేదు. ప్రకటన ఇచ్చారు, మా జీతానికి ఎవరూ రాలేదు. వరండా పిల్లలు వాళ్ళ వాళ్ళ తరగతుల్లో చివరి బెంచీలకు వెళ్ళిపోయారు. నా తెలుగు క్లాసులోనూ ఉన్నారు. చదవమని లేపితే నిలబడి, నేను మళ్ళీ కూర్చోమనేదాకా అలాగే నిలబడతారు. ఒక గంటలో యాభై మందికి పాఠం చెప్పాలి. వాళ్ళ కోసం ఆగితే పాఠం ఆగుతుంది, ఆగకపోతే వాళ్ళు ఆగిపోతారు. రోజూ ఒకటి వదిలేసి ఒకటి చేస్తున్నాను.

బడులు తెరిచిన వారం, వాన పడుతున్న ఒక పొద్దున, గేటు దగ్గర నాకు డ్యూటీ. ఒకాయన వచ్చాడు, చెయ్యి పట్టుకుని ఎనిమిదేళ్ళ కూతురు. కూకట్‌పల్లి అవతలి నుంచి రెండు బస్సులు మారి వచ్చారట.

"నమస్తే మేడం. గిక్కడ చదువురాని పిల్లలకు ఒక టీచరమ్మ ఉంటదంట గద. మా సుట్టం పిల్ల ఆమె తాననే నేర్చుకున్నదంట. దీన్ని సుత జర చూపిద్దామని."

ఫౌండేషన్ పిల్లల వ్యాను హారన్ కొడితే పక్కకు జరిగాం. ఆయన చేతిలోని ప్లాస్టిక్ కవరు పిల్ల తల మీద పట్టి, తను తడుస్తూ, నా జవాబు కోసం ఎంతో మర్యాదగా ఎదురుచూస్తున్నాడు. ఆ పిల్ల తండ్రి చొక్కా పట్టుకుని, చూరు మీద నుంచి కారే నీటికి అరచెయ్యి పెట్టి, నిండినప్పుడల్లా వంపేసి మళ్ళీ పడుతోంది.